మాయమవుతున్న పాలు

గరాజ్‌లో ఫ్రీజర్ తలుపు తీయగానే శ్రీదివ్యకు ఖాళీ కనబడింది: పై అరలో నిన్న సాయంత్రం పేర్చిన తల్లిపాల సంచులు ఒక్కటీ లేవు.

ఈత దుస్తుల మీద మొగుడి పాత టీషర్టు తగిలించుకుని, మెడలో ఈత కళ్లద్దాలు వేలాడేసుకుని, ఆ చల్లటి ఆవిరిలో అలాగే నిలబడిపోయింది. తర్వాత చెయ్యి లోపలికంటా పోనిచ్చి వెతికింది. బఠాణీల ప్యాకెట్టు, గడ్డకట్టిన చేపముక్కలు, ఇడ్లీపిండి డబ్బా. పాలు మాత్రం లేవు.

ఇది మొదటిసారి కాదు. పోయినవారం ఒక సంచి కనబడకపోతే తనే పొరపాటు పడ్డానేమో అనుకుంది. పసిబిడ్డ తల్లికి నిద్ర ఉండదు. నిద్ర లేని మనిషి తన కళ్లను తనే నమ్మదు. కానీ నిన్న పెట్టినవి తన చేతులతో పెట్టింది. ఎవరో తీస్తున్నారు. ఇంట్లో ఉన్నది నలుగురు. అందులో ఒకరికి ఇంకా బోర్లా పడటమే సరిగ్గా రాదు.

పాలుంటేనే ఈత. ఐదు నెలల అక్షర డబ్బాపాలు నోట్లో పెడితే ఉమ్మేసి, ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది. తల్లి కొలనుకు వెళ్లి వచ్చేలోపు పిల్లకు పట్టడానికి పిండిపెట్టిన పాలే దిక్కు. ఎల్లుండి ఆదివారం సిడ్నీ శివార్లలోని పెన్‌రిత్ చెరువు దగ్గర ఆడవాళ్ల ట్రయథ్లాన్. ముందు ఈత, ఆ తడి ఒంటితోనే సైకిలు, చివర పరుగు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోసం పెట్టిన చిన్న పోటీయే. అయినా శ్రీదివ్యకు అదే కొండంత.

ఎందుకంటే ఆమె ఎప్పుడూ దేంట్లోనూ దిగలేదు. బడిలో ఆటల పీరియడ్ వస్తే అందరి సంచులకూ కాపలా కూర్చున్నది ఆమే. పెళ్లయి సిడ్నీ వచ్చాక రౌస్ హిల్ షాపింగ్ సెంటర్లో కళ్లజోళ్ల దుకాణంలో చేరి, ఇన్నేళ్లుగా ఎవరెవరి చెవుల వెనకో ఫ్రేములు సర్దుతూ గడిపేసింది. రోజంతా జనం ఆమెకు ఎదురుగా కూర్చునేవారు. చూసుకునేది మాత్రం అద్దంలో తమ మొహం. కానుపయ్యాక ఒంటికి మంచిదని డాక్టరమ్మ నడవమంటే నడిచింది. నడక పరుగైంది. పరుగు ఆమెకు నచ్చింది. ఇంతవరకూ తన కోసమని అడిగి తీసుకున్నది ఇదొక్కటే.

దాన్ని ఎవరో సంచి తర్వాత సంచిగా ఎత్తుకుపోతున్నారు.

వంటింట్లో అత్తగారు సీతాదేవి ఉగ్గుగిన్నె కడుగుతోంది. కానుపుకని బాపట్ల నుంచి వచ్చిన మనిషి. మధ్యాహ్నం తిరుగు విమానం.

"అత్తయ్యా, ఫ్రీజర్లో పాలు మీరేమైనా తీశారా?"

"నేనెందుకు తీస్తానే? ఆ గరాజులోకి పోతే నీ సైకిలు కుమ్మేసేట్టు చూస్తుంది నన్ను."

"పరుగెత్తి వచ్చిన ఒంట్లో పాలు వేడి చేస్తాయి, పిండి పారబొయ్యాలి అన్నారుగా మొన్న."

"అన్నాను. మా అత్తగారు నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. నువ్వు విన్లేదు, నేనేమైనా అన్నానా?" గిన్నె బోర్లించి ఆవిడ అటు తిరిగిపోయింది. కోడలి మొహంలోకి మాత్రం చూడలేదు. శ్రీదివ్య ఆ సంగతి గమనించింది.

దీపక్ పాపను భుజాన వేసుకుని వచ్చాడు. "మళ్లీ మిస్సింగా? అయ్యో. సరేలే దివ్యా, ఈ రోజుకి స్విమ్ స్కిప్ చేసెయ్. రెస్ట్ కూడా ట్రైనింగే కదా!"

మంచివాడు. సైకిలు కొన్నదీ అతనే, హెల్మెట్టు రంగు ఎంచిందీ అతనే. ఆమె అతన్ని చూసి ఒక నవ్వు నవ్వి, మోగుతున్న ఫోన్ తీసుకుంది. అవతల ఈత నేర్పే ఊర్మిల. తాతముత్తాతలు చెరకు తోటలకని ఫిజీ వెళ్లిన తెలుగువాళ్లు. ఆవిడ భాషలో పాత తెలుగు కాస్త, హిందీ కాస్త, మిగతాదంతా ఇంగ్లీషు.

"వేర్ ఆర్ యూ, బేటీ? లేన్ ఖాళీగా ఉంది."

"పాలు పోయాయి ఆంటీ. ఎవరో తీశారు."

"మదరిన్‌లా ఇంట్లోనే ఉందా?"

"ఈ మధ్యాహ్నం ఫ్లైటు."

"బస్. ఇంక ఈ సాయంత్రం నుంచి పాలు పోవు, చూసుకో. సండే నువ్వు నీళ్లల్లో ఉంటావ్."

ఊర్మిల నవ్వింది. శ్రీదివ్యకు నవ్వు రాలేదు. పప్పులోకి కరివేపాకు కోద్దామని పెరట్లోకి వెళ్లినప్పుడు అనుమానం కాస్తా నమ్మకమైంది. కుండీలో మట్టి మీద తెల్లటి చారికలు. వాటి చుట్టూ మూగిన చీమలు. వంగి వాసన చూసింది. పులిసిన పాలు.

పాలు సింకులో పోయలేదు. చెత్తబుట్టలోనూ వేయలేదు. తల్లిపాలు నలుగురూ తొక్కే చోట పడకూడదని, మొక్క మొదట్లో పోయాలని చెప్పే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

మధ్యాహ్నం దీపక్ పెట్టెలు కారులోకి ఎక్కిస్తుండగా, గుమ్మం దగ్గర శ్రీదివ్య ఇక ఆగలేకపోయింది.

"అత్తయ్యా, వెళ్లేముందు ఒక్క నిజం చెప్పండి. కరివేపాకు కుండీలో పాలు పోసింది మీరేనా?"

సీతాదేవి అటు తిరిగింది. కారు వెనక వంగి పెట్టె సర్దుతున్న కొడుకును చాలాసేపు చూసింది. తర్వాత పాప అరికాళ్లు ముద్దుపెట్టుకుంది.

"నేనే అనుకో అమ్మాయ్," అంది మెల్లగా. "ఆదివారం నీళ్లు చల్లగా ఉంటాయేమో, చెవుల్లో దూది పెట్టుకో."

అంతే. కారు మలుపు తిరిగింది. ఆర్నెల్లపాటు ఈ ఇంట్లో మోగిన, పట్టుచీర అంచులా గరుకైన ఆ గొంతు ఇక వినబడలేదు. శ్రీదివ్యకు ముందు హాయనిపించింది. ఆ వెనకే, ఏదో పొరపాటు జరిగినట్టు గుబులు. దొంగతనం ఒప్పుకున్న మనిషి చెవుల్లో దూది పెట్టుకోమంటుందా?

సాయంత్రం పాలు పిండి రెండు సంచులు ఫ్రీజర్లో పెట్టింది. దీపక్ ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చి, ఏమీ తినకుండా స్నానానికి వెళ్లాడు. ఆమె పాపను నిద్రపుచ్చి, చేతులు తుడుచుకుంటూ గరాజ్‌లోకి వచ్చి ఫ్రీజర్ తలుపు తీసింది.

ఒకటే ఉంది.

అత్తగారి విమానం ఈపాటికి ఎక్కడో ఎర్ర ఎడారి మీద ఉంటుంది. శ్రీదివ్య చుట్టూ చూసింది. పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. బయట ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు. కరివేపాకు కుండీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు దీపక్. చేతిలో గడ్డకట్టని పాల సంచి. మూతి తెరిచి ఉంది కానీ ఇంకా వంచలేదు.

"దీపక్!"

అతను ఉలిక్కిపడలేదు. వెనక్కి తిరగలేదు. సంచి మూతి మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే దివ్యా. మొదటి సంచి నుంచీ నేనే. సింకులో పోయబోతే చెయ్యి రాలేదు. అమ్మ దగ్గర పెరిగినవాణ్ణి కదా, ఇక్కడికి తెచ్చి పోశాను. అమ్మ ఒకరోజు చూసేసింది. 'ఎలాగూ ఊరికి వెళ్లిపోయేదాన్ని, నా మీద అనుకోనీరా, నువ్వు మాత్రం మానెయ్' అంది. ఎయిర్‌పోర్ట్‌లోనూ అదే మాట. మానేద్దామనే వచ్చాను. గరాజ్‌లో నీ సైకిల్ చూడగానే మళ్లీ భయమేసింది. పాలు లేకపోతే నువ్వు వెళ్లవు, అంతే నా ప్లాను. నోటితో వద్దని ఎలా చెప్పను? ఆఫీసులో అందరికీ నీ పోటీ గురించి గొప్పగా చెప్పుకుంది నేనే. పాప పుట్టిన రోజు నీకేం గుర్తులేదు. బ్లీడింగ్ ఆగట్లేదని నిన్ను ఆపరేషన్ థియేటర్లోకి తోసుకుంటూ పరిగెత్తారు. నర్సొచ్చి నా ఒక చేతిలో పాపను పెట్టింది. ఇంకో చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టింది. అందులో నీ చెప్పులున్నాయి. నువ్విక రావనే అవి నాకిచ్చేస్తున్నారనుకున్నాను. నువ్వు తిరిగొచ్చావ్, నడిచావ్, పరిగెత్తుతున్నావ్. నువ్వు వీధి మలుపు దాటిన ప్రతిసారీ నా చేతికి ఆ కవర్ బరువు తెలుస్తూనే ఉంటుంది. ఆదివారం వెళ్లు. నేనే డ్రైవ్ చేస్తా, పాపను నేనే చూస్తా. కానీ ఆ కవర్ మాత్రం నువ్వే తియ్యి, నావల్ల కావట్లేదు. కారు డిక్కీలో, స్పేర్ టైరు పక్కనే ఉంది. ముడి కూడా విప్పలేదు."