చెయ్యి రాని జవాబు

పొద్దున్నే బడి గేటు తీసేది పెద్దమేడమే అయినా, ఒకటో తరగతి గది తాళంచెవి మాత్రం చిన్నమేడం దగ్గరే ఉంటుంది. ఆమె వచ్చి కిటికీలు బార్లా తీసి, బల్లల కింద దొర్లిన పెన్సిలు ముక్కలు ఏరి డబ్బాలో వేసి, బోర్డు తుడిచి తేదీ రాసేసరికి పిల్లలు ముక్కులు ఎగబీల్చుకుంటూ ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చుంటారు. మనిషి పొట్టి కాబట్టి చిన్నమేడం అన్నారో, చిన్నపిల్లలకి చెబుతుంది కాబట్టి అన్నారో ఎవరికీ గుర్తులేదు.

ఆమె కుడిచేతి సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. మనసొప్పని మాట రాయమంటే ఆ చెయ్యి రాయదు. వేళ్ళు బిగుసుకుపోయి బల్లమీద బండరాయిలా పడి ఉంటుంది. ఒకసారి మార్కుల కార్డులో ఓ పిల్లాడి పేరు పక్కన 'మొద్దు' అని రాయమని పెద్దమేడం చెబితే, మధ్యాహ్నందాకా మోచెయ్యి కూడా కదల్లేదు. 'అల్లరి చేస్తాడు, అందర్నీ నవ్విస్తాడు' అని రాస్తానన్నాకే లేచింది. ఎవరూ వింతగా చూడలేదు. కొందరికి చన్నీళ్ళు పడవు, ఈమెకి అబద్ధం పడదు, అంతే.

బడుల్లో చదువు చెప్పేవాళ్ళంతా అర్హత పరీక్ష పాసై తీరాలని, లేకపోతే ఆ ఏడు చివర్లో ఇంటికి పంపేస్తారని ఉత్తర్వు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. లెక్కలు, భాష ఆమె కళ్ళు మూసుకుని రాసేస్తుంది. పిల్లల మనస్తత్వం పేపరు దగ్గరే రెండుసార్లు బోర్లాపడింది. ఆ పేపరంతా ఒకటే ప్రశ్న, రెండుసార్లూ అదే: 'మందబుద్ధి గల పిల్లలను గుర్తించి, వేరుగా కూర్చుండబెట్టవలసిన ఆవశ్యకతను వివరింపుము.' గైడులో దానికి బారెడు జవాబుంది. ఆమెకి కంఠతా వచ్చు. చెయ్యే రాదు. ఆ ప్రశ్న దగ్గర రెండుసార్లూ తెల్లకాగితం ఇచ్చి వచ్చేసింది.

"నా మాట విని ఈసారి ఎడమచేత్తో రాయి," అన్నాడు భర్త. అతను టైలరు. పుట్టుకతోనే ఎడమచేతివాటం. "దానికి నీ కుడిచేతికున్నంత పౌరుషం ఉండదు. చెప్పినట్టు వింటుంది."

"నా చేతికి నేనే మస్కా కొట్టాలా అండీ?"

"ఒక్కపూట కొట్టు. ఉద్యోగం నిలబడ్డాక క్షమాపణ చెప్పుకో."

సాయంత్రాలు కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి, మిగిలిన గుడ్డముక్కల మీద సుద్దతో ఆమె చేత అక్షరాలు దిద్దించాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు నిలబడి చూసి, "ఆ సున్నా వంకరపోయింది మేడం," అని సరిదిద్దేవారు.

ఆ ఏడు ఆమె తరగతిలో ఎప్పుడు చూసినా గువ్వలా ముడుచుకుని కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. గువ్వ అనే పిలిచేవాళ్ళు. నోరు విప్పేది కాదు. "వెనక గదిలో వేసెయ్యండి, దీన్ని చూసి మిగతావాళ్ళు పాడవుతారు," అని పెద్దమేడం పోరుపెట్టింది. చిన్నమేడం విననట్టే ఊరుకుంది. ఒకరోజు బోర్డుమీద అంకెలు వేస్తూ ఏమరుపాటున ఏడు వదిలేసింది. గువ్వ లేచి వచ్చి ఆమె చేతి వేలు పట్టి లాగింది.

"ఏడు మర్చిపోయావు," అంది.

ఆ పిల్ల గొంతు బడిలో వినడం అదే మొదలు. మర్నాటినుంచి చిన్నమేడం రోజుకొక తప్పు కావాలనే చేసింది.

పరీక్ష రోజున ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. కుడిచెయ్యి అప్పుడే బరువెక్కిపోయింది. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో పెన్ను అందుకుంది. ఎడమచెయ్యి బుద్ధిమంతురాలిలా మొదలుపెట్టింది: 'ఇట్టి పిల్లలను వేరుచేయుట వలన తరగతికి మేలు కలుగును.' అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా వచ్చాయి. ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అడ్డంగా కొట్టేసి పెన్ను కుడిచేతికి ఇచ్చింది.

"నీకేం తోస్తే అది రాయి," అంది దానితో. "వచ్చేదేదో నేను పడతాను."

చెయ్యి అందుకుంది. మొదటి వాక్యమే 'ఈ ప్రశ్న తప్పు' అని రాసింది. తర్వాత గువ్వ గురించి, మర్చిపోయిన ఏడు గురించి, టీచరు తప్పు చేస్తే పిల్లలకి నోరు ఎలా వస్తుందో రాసుకుంటూ పోయింది. కాపలా ఉన్నాయన అదనపు కాగితాలు ఇవ్వలేక విసుక్కున్నాడు.

"జవాబు రాస్తున్నారా, కథ రాస్తున్నారా అమ్మా?"

"జవాబేనండీ. ప్రశ్నే కథ."

ఫలితాలు రావలసిన వారానికి రాలేదు. దాని బదులు, పేపర్లు దిద్దేచోటికి వెంటనే రమ్మని ఆమెకి కబురొచ్చింది. పెద్దమేడం పెదవి విరిచింది.

"ఇంకేముంది, పరీక్షలే రాయనివ్వరు. రాజీనామా రాసిచ్చి వెళ్ళండి, గౌరవంగా ఉంటుంది."

"రాయడానికి చెయ్యి రాదు మేడం," అని చిన్నమేడం బస్సెక్కేసింది.

పెద్ద హాలు, బల్లలనిండా పేపర్ల కట్టలు. ఓ మూల ఇద్దరు పంతుళ్ళు కుడిచేతులకి మందు రాసుకుంటున్నారు. వాళ్ళందరి మీదా అధికారి ఆమెని కూర్చోమన్నాడు. కళ్ళజోడు తీసి నలుపుకున్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లెక్కప్రకారం మీ జవాబుకి సున్నా వెయ్యాలి. వాళ్ళిద్దరికీ చెయ్యి రాలేదు. నాకూ రాలేదు. మార్కు పడితేగానీ కట్ట కదలదు, కట్ట కదిలితేగానీ అందరి ఫలితాలూ రావు. జవాబు మీరే కొట్టేసి సంతకం పెట్టండి, సున్నా దానంతటదే పడుతుంది. ఏదో అవకాశం ఇప్పిస్తాను, మళ్ళీ రాసుకుందురుగాని."

ఆమె తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. వేళ్ళు మడిచి, చాపింది. తేలిగ్గా ఉంది. ఎలా చెబితే అలా ఆడుతోంది.

"కొట్టెయ్యనండి," అంది.

"చెయ్యి రావడం లేదా?"

"చెయ్యి బాగానే ఉంది. నేనే కొట్టెయ్యను."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోనివ్వండి. ఇది కొట్టేస్తే ఆ పిల్ల అసలు మాట్లాడనే లేదని నేను ఒప్పుకున్నట్టవుతుంది."

ఆయన పేపరు దగ్గరికి లాక్కుని మొదటినుంచీ చదివాడు.

"ఇప్పుడు మాట్లాడుతోందా?"

"నోరు మూయించలేక చస్తున్నామండీ."

ఆయన నవ్వుకుని ఎర్ర పెన్ను తీశాడు. సున్నా చుట్టబోతే చెయ్యి బిగుసుకుంది. ఊపిరి వదిలి, దాని ఇష్టానికి వదిలేశాడు. చెయ్యి గబగబా నూటికి నూరు వేసింది. మూలనున్న పంతుళ్ళు చేతులు విదిలించుకుని మళ్ళీ పనిలో పడ్డారు.

"వెళ్ళిరండి. పాసయ్యారు," అన్నాడు ఆయన.

చిన్నమేడం లేవలేదు.

"ఇంకా ఏం కావాలమ్మా?"

"నేను పాసయ్యాను, సరే. వచ్చే ఏడు కూడా ఇదే ప్రశ్న ఇస్తారు కదండీ. గైడులో జవాబు చదివి ఎంతమంది వస్తారో, ఎన్ని వెనక గదులు నింపుతారో. దాని సంగతి తేల్చండి, వెళ్తాను."

"అది నా ఒక్కడి చేతిలో లేదు."

"పెన్ను మీ చేతిలోనే ఉంది కదా," అంటూ ఆమె కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది.

ఆయన ఒకసారి పంతుళ్ళ వంక చూశాడు, ఒకసారి ఆమె వంక చూశాడు. తర్వాత వచ్చే ఏటికి పంపవలసిన ప్రశ్నపత్రం ముందుకు లాక్కుని, ఆ ప్రశ్న ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రగీత గీశాడు. చెయ్యి ఎక్కడా అడ్డం చెప్పలేదు.