నిన్నటి తేదీతో గుర్తింపు

చర్చలు జరిగే భవనం వరండాలో తాళంకప్ప ఆమె దారికి అడ్డం వచ్చాడు. ఏ రహస్యం చెవిన పడ్డా నోరు విప్పని ఆ పెద్దాయనకు ఆ పేరు పెట్టింది ఆమే, పాత దేశం విదేశాంగ శాఖలో ఆయన కింద పనిచేసిన రోజుల్లో. ఇప్పుడా దేశం రెండుగా చీలింది. కొత్త దేశం తరఫున బేరమాడుతున్నది ఆమె. పాత దేశం తరఫున ఆయన.

"ఏమ్మా, ఒక్క నిమిషం" అంటూ పక్కకు పిలిచి పాస్‌పోర్టు తెరిచి చూపించాడు.

అందులో కొత్త దేశం ప్రవేశ ముద్ర ఉంది. నిన్నటి తేదీ.

జరిగిందేమిటో ఆమెకు వెంటనే తట్టింది. పాత దేశం లెక్కలో ఇది వేరే దేశం కాదు, వాళ్ల జిల్లాయే. అందుకే వాళ్ల బృందం ఈ రహస్య చర్చలకు దర్జాగా వంతెన దాటి వచ్చింది. ఇక్కణ్ణుంచి నేరుగా విదేశానికి విమానం ఎక్కాల్సి ఉండి పాస్‌పోర్టులు వెంట తెచ్చుకుని, అన్నీ డ్రైవరు సంచిలో పెట్టారు. జీవితమంతా రాయబారుల కార్లు తోలిన మనిషి. వంతెన చివర గాజు కిటికీ, దాని వెనక టోపీ కనబడగానే చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. కిటికీలో ఉన్నవాడు కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరు. మొదటిసారి విదేశీ పాస్‌పోర్టులు చూసిన సంబరంలో అన్నింటి మీదా ముద్రలు గుద్దేశాడు. వెనక సీట్లో పెద్దలు ఫైళ్లలోంచి తలెత్తలేదు.

ముద్ర పడిందంటే సరిహద్దు ఉందని ఒప్పుకున్నట్టే. ఈ సంగతి వాళ్ల రాజధానికి తెలిస్తే పెద్దాయన ఉద్యోగం ఊడుతుంది, చర్చలూ ఆగుతాయి.

చర్చలు ఆగితే ఆమె కొంప మునుగుతుంది. గొడవంతా నది ఒడ్డునున్న పంపుహౌసు గురించి. సరిహద్దు గీత ఎటు పడితే నీళ్లు అటు. పాత దేశం దాన్ని ఆపేసి వారం దాటింది. ఆమె సొంత ఊళ్లో ఆసుపత్రి ఎండిపోతోంది. అక్కడ హెడ్ నర్సు ఆమె చెల్లెలు. పొద్దున ఫోన్లో ఏడవలేదు, తిట్టలేదు. ట్యాంకరు నీళ్లు ఇవాళ్టితో సరి, రేపు ఆపరేషన్లు లేవు అని మాత్రం చెప్పింది.

ఇంతలో తమ మంత్రి ఫోను. ఆ ఇన్‌స్పెక్టరు ముద్రల ఫొటో తీసి గొప్పగా పైకి పంపాడట. ఇప్పుడే పేపర్లకు ఇచ్చేద్దామని మంత్రిగారి ఉబలాటం. ఇంతకు మించిన గుర్తింపు ఏం కావాలమ్మా అన్నాడు.

"ఫొటో బయటపడితే వీళ్లు తలుపులు మూసుకుని పోతారు సార్. మనకి కావాల్సింది ముద్ర కాదు, నీళ్లు. సాయంత్రం దాకా ఆగండి. తర్వాత ఫొటో మీ ఇష్టం, నా ఉద్యోగమూ మీ ఇష్టం."

మంత్రి గొణిగి సరే అన్నాడు.

రెండు బృందాలూ ఒక బల్ల దగ్గర కూర్చోకూడదని నియమం. కాగితాలే గది నుంచి గదికి తిరిగేవి. ఆమె మొదటిసారి అవతలి గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. తాళంకప్ప పక్కన నీడ కూర్చుని ఉన్నాడు. అంటే వాళ్ల గూఢచారి శాఖ అధికారి; ఆ పేరూ ఆమె పెట్టిందే. ఎవరేం చేస్తున్నారో రాజధానికి మోసేవాడు అతనే. భద్రత పేరు చెప్పి పంపుహౌసుకు అడ్డుపడుతున్నదీ అతనే.

"మీ పాస్‌పోర్టు కూడా ఒకసారి చూసుకోండి" అందామె అతనితో.

చూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. పెద్దాయన మీద ఫిర్యాదు చేస్తే తన ముద్ర మాటేమిటి?

ఆమె బెదిరించలేదు. ఎవరికీ చెప్పనని ఒట్టూ పెట్టలేదు. కొత్త దేశాన్ని గుర్తించే పత్రాన్ని వాళ్ల మంత్రివర్గం ఎప్పుడో ఆమోదించింది. సరిహద్దు తేలాక వేద్దామని తేదీ మాత్రం ఖాళీగా ఉంచింది. అక్కడ నిన్నటి తేదీ వేయమంది. పంపుహౌసు కొత్త దేశానిది, అవతలి ఒడ్డు పొలాలకు వాళ్ల వాటా నీళ్లు వాళ్లకి అంది.

తాళంకప్ప కళ్లజోడు తీశాడు. "అంటే మేం చేసింది..."

"తప్పే కాదు సార్. మీరు గుర్తించిన దేశంలోకి పద్ధతిగా వచ్చారు."

నీడ కిటికీ దగ్గరికి వెళ్లి రాజధానికి ఫోన్ చేసి, పంపుహౌసు విషయంలో భద్రతాపరంగా అభ్యంతరమేమీ లేదని, తను స్వయంగా పరిశీలించానని చెప్పాడు. అతని గొంతు అంత మెత్తగా ఉంటుందని గదిలో ఎవరికీ తెలీదు.

మధ్యాహ్నానికి రాజధాని ఒప్పుకుంది. సంతకాలయ్యాయి. తాళంకప్ప కుర్చీలో వెనక్కి వాలి, అంతమందిలో నోరు తెరిచి నవ్వాడు.

"మా డ్రైవర్ని ఏం చెయ్యమంటావమ్మా? సస్పెండు చెయ్యనా, సన్మానం చెయ్యనా?"

"ప్రమోషన్ ఇవ్వండి సార్. మీ అందరికంటే ముందు మమ్మల్ని గుర్తించింది ఆయనే."

సాయంత్రం రెండు దేశాలూ కలిసి ప్రకటన చేస్తాయని మంత్రికి చెప్పేసరికి ఆయన ఏ చొక్కా వేసుకోవాలన్న ఆలోచనలో పడ్డాడు. ఫొటో మాటే ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా చెల్లెలి ఫోను. వెనక నీళ్ల చప్పుడు.

"అక్కా, వచ్చాయి. మొదట బురద వచ్చింది, ఇప్పుడు తేటగా ఉన్నాయి. ట్యాంకు నిండుతోంది."

ఎలా ఉన్నావే అని అడిగిందామె.

"ఎలా ఉంటాను? పనిలో ఉన్నాను. రేపటి ఆపరేషన్లు రేపే. ఇక ఫోన్ పెట్టెయ్, చేతులు కడుక్కోవాలి."