ఎదురు తొట్టి

సీజను కాని సాయంత్రాల్లో పాత పార్కుకు పోవడం మా అక్క సరదా. గుంపులుండవు, గోలుండదు, పార్కంతా మనదే అంటుంది. ఇంట్లో ఆమెను పులి అంటారు, నన్ను పిల్లి. పులి బయల్దేరితే పిల్లి కాదనగలదా? నోరు మూసుకుని వెంట పోయేదాన్ని.

ఆ రోజు జెయింట్ వీల్ దగ్గర మేమిద్దరమే. దాన్ని నడిపే బాబాయ్ మమ్మల్ని ఒకే తొట్టిలో కూర్చోనివ్వలేదు.

"జనం లేనప్పుడు ఎదురెదురుగా కూర్చోవాలమ్మా. బరువంతా ఒకవైపే ఉంటే ఇది నా మాట వినదు."

సరే, అక్క పైకి పోతే నేను కిందికి, నేను పైకి పోతే ఆమె కిందికి. రెండో చుట్టులో కరెంటు పోయింది. అక్క ఆకాశంలో ఆగింది, నేను నేలకు జానెడు ఎత్తులో.

దిగుదామని తొట్టికి అడ్డంగా ఉన్న కడ్డీ తీయబోయాను. బాబాయ్ కేకేశాడు.

"కదలకు తల్లీ! బ్రేకు అరిగిపోయింది. నువ్వు దిగితే చక్రం గిర్రున తిరిగి ఆమెను విసిరికొడుతుంది."

పైనుంచి ఏడుపు వినిపించింది. అక్క ఏడవగా నేనెప్పుడూ వినలేదు.

"దిగకే! నీ కాళ్ళు పట్టుకుంటా, దిగకే!"

అబద్ధమెందుకు, దిగిపోవాలనే అనిపించింది. నేల అంత దగ్గర. కడ్డీ వదిలేసి సీటుకు ఆనుకున్నాను.

"ఇక్కడే ఉన్నానక్కా," అన్నాను.

బాబాయ్ హ్యాండిల్ తగిలించి చేత్తో తిప్పసాగాడు. అక్కను దింపాలంటే నేను పైకి పోక తప్పదు. మూసేసిన దుకాణాలు, నీళ్ళు లేని పడవల మడుగు కిందికి జారిపోయాయి. కళ్ళు తిరిగి, గట్టిగా మూసుకున్నాను.

అక్క తొట్టి కిందికి చేరి చక్రం ఆగింది. కళ్ళు తెరిచాను.

"నువ్వూ కదలకమ్మా. మీరిద్దరూ ఉంటేనే ఇది నిలుస్తుంది. ఇసుక బస్తా తెచ్చి నీ బదులు పెడతాను," అని బాబాయ్ అక్కతో చెప్పి షెడ్డు వైపు నడిచాడు.

కడ్డీ తీసిన చప్పుడు నాదాకా వినిపించింది.

"అక్కా, వద్దు! నేను పైనున్నా!"

ఆమె దూకేసింది. చక్రం కిర్రుమని కదిలింది, నా తొట్టి ముందుకు ఒరిగింది. బాబాయ్ పరిగెత్తుకొచ్చి ఖాళీ తొట్టిని రెండు చేతులా కరుచుకుని వేలాడాడు. చక్రం నిలిచింది గానీ, బక్కమనిషి, ఆయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"ఆ బస్తా లాక్కురా అమ్మా! నా చేతులు ఆగవు!"

అక్క గేటు వైపు పరిగెడుతోంది. గొంతు చించుకుని పిలిచాను. ఆమె రెండు చెవులూ మూసుకుని ఇంకా వేగంగా పరిగెత్తింది.