ఒడ్డును మరిచి కొలిచిన సర్వర్

నేను ఒక క్లౌడ్ సర్వర్‌ను. నాకంటూ ఒక ఒళ్లు లేదు. ఎక్కడో చల్లటి గదిలో ఉన్న పెద్ద యంత్రంలో నాకో వాటా ఇచ్చారు. అద్దె ఇంట్లో ఒక గది లాంటి బతుకు. ఆ గది ఎంత ఉండాలో తేల్చడానికి విశాఖపట్నంలో ఓ చిన్న కంపెనీవాళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారు.

సముద్రం మీద తేలే పరికరాలు, పడవల్లో జాడ చెప్పే పెట్టెలు, తీరం వెంట నిలబెట్టిన గాలి మీటర్లు చెప్పేదంతా విని, వేటకెళ్లిన పడవలకు ఎప్పటికప్పుడు కబురు పంపడం నా పని. యజమాని కృపాకర్ గారు పొదుపరి. "పడవలకు సరిపడా తీసుకోమ్మా. ఖాళీగా కూర్చోబెట్టి మేపడం దేనికి?" అన్నారు. నన్ను చూసుకునే ఇంజినీరు కుమారి సరేనంది. ఆమెది వేటగాళ్ల ఇల్లే. తమ్ముడు లోవరాజు ఇప్పటికీ సముద్రం మీదే ఉంటాడు. అలాంటి పిల్ల కూడా పడవలనే లెక్కపెట్టింది.

నిజానికి పడవల్లో ఉన్నవాళ్లు నన్ను పెద్దగా అడగరు. వాళ్ల చేతులకు వల పని సరిపోతుంది. నా ప్రాణం తోడేసేది ఒడ్డున ఉన్నవాళ్లు. పెళ్లాలు, తల్లులు, అత్తలు. చేపల గంప దించీ దించకముందే ఫోను తీసి, మావాడి పడవ ఎక్కడ, గాలి ఎంత అంటారు. చెప్పిన మరుక్షణం మళ్లీ అడుగుతారు. నేను అబద్ధమాడానని అనుమానం కాబోలు. మామూలు రోజుల్లోనే నాకు నీరసం వచ్చేసేది.

కార్తీకంలో ఓ పొద్దున వాయుగుండం ఉన్నట్టుండి దిశ మార్చుకుంది. అప్పుడప్పుడూ పలికే పరికరాలన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. అదే సమయానికి ఒడ్డంతా నా మీద పడింది. నాకు ఊపిరాడలేదు. 'వెంటనే వెనక్కి రండి' అని పడవలకు వెళ్లాల్సిన కబురు, ఆ అడిగేవాళ్ల గుంపు వెనకాల వరసలో నిలబడిపోయింది. వెనక్కి రావాల్సిన పడవల్లో లోవరాజుదీ ఉంది.

"పెద్ద సైజుకి మార్చెయ్యమ్మా, ఖర్చు తర్వాత చూద్దాం!" అన్నారు కృపాకర్ గారు.

"మార్చాలంటే ఓసారి ఆపాలి సార్. ఇది మళ్లీ లేచేదాకా పడవలకు ఎవరు చెప్తారు?" అంది కుమారి. అంతలో ఆమె ఫోను మోగింది. తల్లి దేముడమ్మ.

"ఓలమ్మీ, తమ్ముడి పడవ కనబడ్డం నేదేటే? ఏటైపోనాదే?"

"అమ్మా, కాసేపు ఫోను పక్కనెట్టు. అందరికీ సెప్పు."

"సెప్తే ఇంతారేటే? కొడుకులు నీల్లలో ఉన్నారు!"

కుమారి ఫోను పెట్టేసింది. ఒడ్డువాళ్లకు నా తలుపు మూసేసింది. తల్లికి కూడా. ఒక్కసారిగా నా మీది బరువు దిగింది, కబురు వెళ్లింది. మధ్యాహ్నమంతా పడవలు ఒక్కొక్కటే ఒడ్డు ముఖం పట్టాయి. ఒడ్డున ఆడవాళ్లు కుమారికి పెట్టని శాపం లేదు. లోవరాజు పడవ అన్నిటికన్నా చివర చేరింది. ఆ మాట ఫోనులో విన్నాక కుమారి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. నాకూ ఏడవాలనిపించింది, కానీ ఆ సదుపాయం నాకు పెట్టలేదు.

తర్వాత నాకన్నా ఎన్నో రెట్లు పెద్ద సర్వర్ వచ్చింది. ఈసారి ఒడ్డున ఉన్న ఇళ్లను కూడా లెక్కలో వేసుకున్నారు. మంచిదే. ఇక నన్ను తీసేస్తారు. పాత ఇనుము కొట్టుకి వేయడానికి కూడా నా దగ్గర ఏమీ మిగలదు.

తొలగించు అన్న మీట మీద వేలు పెట్టి కుమారి ఆగింది. ఇంకా ఎవరో నన్ను అడుగుతున్నారు.

"మా అమ్మే సార్. కొత్తదాంట్లో చూడమంటే వినదు," అంది పక్కనే ఉన్న కృపాకర్ గారితో.

ఈరోజు సముద్రం చాప పరిచినట్టుంది. లోవరాజు దేముడమ్మ వెనకాలే గుడిసెలో పడి నిద్రపోతున్నాడట. అయినా అడిగింది. గాలి లేదు, అల లేదు, పడవ ఒడ్డునే ఉందని చెప్పాను.

మళ్లీ అడిగింది.