గడ్డంలో పెట్టే ముక్క

మా ఆయన చొక్కా నేను ఇస్త్రీ చేస్తుంటే వెనకనుంచి ఆయనే అన్నారు, రేపు పదింటికి అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నామని, నేనూ రావాలని, వచ్చి నోరు మూసుకుని కూర్చోవాలని. కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఓ క్షణం ఎక్కువసేపు ఆగిపోయింది. దానికీ మాట పడ్డాను.

మా అమ్మాయికి నా గడ్డమే వచ్చింది. చిన్నది, లోపలికి నొక్కేసినట్టు ఉంటుంది. పురిట్లోనే దాన్ని చూసి "ఇదీ తల్లి అచ్చే" అని మొహం తిప్పుకున్నారు ఈయన. ఇరవై ఏళ్లుగా ఫొటో తీసినప్పుడల్లా మా ఇద్దర్నీ తల పైకెత్తమంటారు.

మర్నాడు డాక్టరు ఒక తెల్లటి ముక్క నా చేతిలో పెట్టాడు. అచ్చం ఎముకలాగే ఉంది, తేలిగ్గా, నిండా సూదిబెజ్జాలతో. కింది పెదవి లోపల కోసి, గడ్డం ముందుకొచ్చేలా దీన్ని ఎముకకి ఆనించి పెడతారట. మన ఎముక ఆ బెజ్జాల్లోకి పెరిగి పట్టేసుకుంటుందట. నాకు చదువు తక్కువ, భయాలెక్కువ. చీము పడితే? పెదవి తిమ్మిరెక్కి అలాగే ఉండిపోతే? పదిమందిలో తింటున్నప్పుడు చొంగ కారితే?

"నచ్చకపోతే తీసేయొచ్చా బాబూ?"

"పట్టుకున్నాక తీయడం కష్టమమ్మా."

ఈయన నా వైపు ఒక చూపు చూసి, జేబులోంచి ఫొటో తీసి బల్లమీద పెట్టారు. ఏ సినిమాతారదో అనుకున్నాను. ఈయన చెల్లెలిది. గడ్డం సరిగ్గా ఇలా రావాలన్నారు.

బయట కుర్చీల్లో కూర్చున్నాక, నీకు కావాలా తల్లీ అని అమ్మాయిని అడిగాను.

"నాన్న ఒక్కసారైనా బాగున్నావంటాడు కదమ్మా."

నేను మాత్రం ఎప్పుడన్నాను? తల ఎత్తమని ఆయన అన్నప్పుడల్లా, ఎందుకొచ్చిన గొడవని, దాని గడ్డం కింద వేలు పెట్టి ఎత్తింది నేనే.

నర్సు కాగితం తెచ్చింది. ఆపరేషనయ్యాక చూసుకునేవారు పది రోజులు సెలవు పెట్టి పక్కనే ఉండాలి. రెండు గంటలకోసారి చెంచాతో జావ పట్టాలి, నోరు కడగాలి, గడ్డానికి ఐసు పెట్టాలి, రక్తం తుడవాలి. చూసుకునేవారి పేరు, సంతకం.

"మీ అమ్మ ఉందిగా" అని ఈయన కాగితం నా వైపు తోశారు.

కలం తీసుకుని ఆ గడిలో ఆయన పేరు రాశాను. రాసి సంతకానికి ఆయనకే ఇచ్చాను. ఏమిటే ఇది అన్నారు. నేను మాట్లాడలేదు, మాట్లాడొద్దన్నది ఆయనే. పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివారు.

"ఇవన్నీ నావల్ల ఎక్కడవుతాయి? ఇప్పుడంత తొందరేముంది, వచ్చే ఏడు చూద్దాంలే."

అమ్మాయి తండ్రి మొహం వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, రాయని వైపు పైకి తిప్పి, సంతకం లేకుండానే నర్సుకిచ్చేసింది.

"పద అమ్మా" అంది. "నాన్నని మెల్లగా రమ్మను."