కొట్టం గూట్లో చెంబు

తెల్లదొరల ఏలుబడి నాటి సంగతి ఇది. అర్ధవీడులో వెంకటలక్ష్మమ్మ ఇంటి వాకిట్లో చెంచుల శ్రీశైలమ్మ దోసిలి పట్టి నిలబడింది. దాహమంటే పైనుంచి నీళ్ళు పోసినారు. ఇందులో వింతేముంది, మన ఊళ్ళల్లో రోజూ జరిగేదే కదా అంటారు. నిజమే, రోజూ జరిగేదే.

ఆమె కొండ దిగి వచ్చింది నీళ్ళకు కాదు. గూడెంలో మొగుడు ఓబులయ్య నెత్తురు కక్కుతున్నాడు. కంభం ఆసుపత్రికి చేర్చాలంటే ఎద్దులబండి కావాలి. ఈ ఇంటివాళ్ళు కాదనరని ఆమె ధీమా.

ఎందుకుండదు? రెండేళ్ళ కిందట ఇదే వెంకటలక్ష్మమ్మ గూడెం ఎక్కివచ్చి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. “అక్కా, నా కొడుకు సుబ్బన్నకు ఒంట్లో వేడి. అడవిగాలి తగిలితే తేరుకుంటాడంట. నీ బిడ్డే అనుకో” అన్నది. తమ ఆడబిడ్డను చేసుకున్నాడని నరసింహస్వామికే అల్లుడి మర్యాద చేసే జనం, అక్కా అని పిలిస్తే కాదంటారా? ఉన్న ఒక్క గుడిసెలోనే సుబ్బన్నను పడుకోబెట్టుకున్నారు. మేకపాలు, జుంటితేనె పోసినారు. అందరూ ఒకే సొరబుర్రతో నీళ్ళు తాగినారు. అయిదు నెలలకు సుబ్బన్న కండపట్టి కొండ దిగినాడు.

“బండి ఖాళీ లేదే. దగ్గరికి రావాక, ఆ కొట్టం కాడనే ఉండు” అన్నది ఇప్పుడు వెంకటలక్ష్మమ్మ. అక్క పిలుపు ఏ గాలికి పోయిందో!

శ్రీశైలమ్మ పశువుల కొట్టం దగ్గరికి జరిగింది. గోడ గూట్లో ఒక చెంబు, ఒక కంచం కనిపించినాయి. చెంబు మెడకు ఎర్రదారం గుర్తు.

“ఇవి ఎవురివమ్మా?”

కొట్టంలో ఎద్దులకు మేత వేస్తున్న సుబ్బన్న తల దించుకున్నాడు. “నావే పెద్దమ్మా. మీ కాడికి రాకముందు నుంచీ వేరే పెట్టినారు.”

సుబ్బన్నను చూసిపోవడానికి వచ్చిన ఆసుపత్రి కాంపౌండరు గిద్యోను అప్పుడే సైకిలు దిగినాడు. మాటలు విని నిర్ఘాంతపోయినాడు. “అమ్మా, క్షయ అని నేను ఆ పొద్దే చెప్పితిని గదా! గిన్నెలు వేరు పెట్టమంటిని, ఉమ్మిన గళ్ళను మట్టిలో పూడ్చమంటిని. ఇంట్లో అన్నీ చేసుకున్నారు. వాళ్ళకు ఒక్క మాట చెప్పలేదా?”

“చెప్తే రానిస్తారా? రేపు వీనికి పిల్లనెవురిస్తారు?”

శ్రీశైలమ్మ వెంకటలక్ష్మమ్మ వైపు తిరిగింది. “చెప్పింటే ఇంకో గుడిసె ఏసిచ్చేవాళ్ళం గదే! పొమ్మనేవాళ్ళమా? నమ్మించి గొంతు కోసినావు గదే, అక్కా అని పిలిచి!”

సుబ్బన్న తల్లి అరుస్తున్నా వినకుండా బండి కట్టినాడు. ఓబులయ్యను జోలెలో కొండ దింపినారు. కంభం చెరువు కనపడకముందే ఆయన ప్రాణం పోయింది.

“చెంచోళ్ళకు ఈ జబ్బు ఎక్కువంటలే” అన్నారు ఊళ్ళో. గిద్యోను ఊరుకోలేకపోయినాడు.

“ఎక్కువెట్ల కాదు? మనమే మోసుకుపోయి ఇచ్చొస్తిమి. అయ్యలారా, రోగం ఎవరికైనా వస్తాది, అది తప్పు కాదు. దాని పేరు దాచి ఎదుటివాడి గుడిసెలోకి పంపినామే, అదీ పాపం!”