కొబ్బరికాయ కొట్టిన రింగు

ఆగండాగండి, ఒక్క నిమిషం కూర్చోండి! మేడ్చల్ డిగ్రీ కాలేజీ కోర్టులో జనార్ధన్ సార్ కొలత టేపు పట్టుకుని ఎందుకలా నిలబడిపోయాడో విని, తర్వాత లేద్దురు గాని.

సార్ ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్. రావల్కోల్‌లో పదెకరాల ఆసామి కొడుకు. "బంతి ఆడిపిచ్చెటోనికి జీతమెవడిస్తడ్రా?" అని బాపు నవ్వినా వినకుండా, పొలం తమ్ముడికి వదిలేసి ఈ ఉద్యోగంలో చేరాడు. మొదట్లో కోర్టే లేదు. వేపచెట్టుకు సైకిల్ రిమ్ము కట్టి ఆడించేవాడు. తొంభై మూడులో పిల్లలే కంకర మోసి, ఇసుక జల్లెడ పట్టి కోర్టు కట్టుకున్నారు. ఆ ఎండలు, ఆ ఉల్లిగడ్డ కారం, ఆ కేకలు! సార్‌కి ఇప్పటికీ తడి సిమెంటు వాసన వస్తే ఆ రోజులే గుర్తొస్తాయి.

మేస్త్రీ బక్కయ్య స్తంభాలు పాతి, రూలు ప్రకారం మట్టి నుంచి సరిగ్గా పదడుగుల ఎత్తులో రెండు రింగులూ బిగించాడు. అదే రోజు పసుపు కుంకుమ పెట్టి, స్తంభానికి నిమ్మకాయలు కట్టి కొబ్బరికాయ కొట్టారు. గచ్చు మాత్రం వారం తర్వాత పోశారు. అది ఆరాక సార్ మళ్లీ టేపు తీశాడు.

"బక్కయ్యా, రింగు ఇంకోసారి కొలుద్దామా?" అన్నాడు సార్.

"ఏంది సారూ! పూజైనంక కొలుస్తరా? పెండ్లైనంక ఎవలన్న జాతకం సూపిస్తరా?"

అందరూ పగలబడి నవ్వారు. సార్ కూడా నవ్వి టేపు చుట్టేశాడు. అంతే!

ఇక ఆ కోర్టు మీద సార్ జట్టును కొట్టినవాడు లేడు. బయటి నుంచి వచ్చినవాళ్ల షాట్లన్నీ రింగు వెనక కడ్డీకి తగిలి ఎగిరిపోయేవి. మనవాళ్లవి మాత్రం సల్లగా జారిపోయేవి. కానీ ఇదే జట్టు బస్సెక్కి నగరానికి పోతే ప్రతి బంతీ ముందు కడ్డీకి తగిలి కిందపడేది. "ఇంట్ల పులి, బయట పిల్లి" అని మిగతా కోచ్‌లు ఎగతాళి చేసేవారు. సార్ ఆ కోపం పిల్లల మీద చూపించేవాడు.

వాళ్లలో బాలరాజు ఒకడు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్లాడు. వల విసిరి విసిరి వాడి మణికట్టు ఎలా తిరిగేదంటే, గీత దగ్గర నిలబడి పది ఫ్రీ త్రోలు వేస్తే తొమ్మిది పడేవి!

"ఎట్లేస్తున్నవ్ రా?" అని సార్ ఓసారి అడిగాడు.

"వల ఇసిరినట్టే సార్. గాకపోతే గిక్కడ చాపలు పైనున్నయ్!"

తొంభై ఆరులో నగరంలో యూనివర్సిటీ జట్టు సెలెక్షన్స్. బాలరాజు ఖాయమని ఊరంతా అనుకుంది. వాడు పది వేస్తే ఏడు ముందు కడ్డీకి తగిలాయి. తిరుగు ప్రయాణంలో, బస్సులో అందరి ముందూ సార్ ఒక్కటే మాటన్నాడు. "నీకు చెయ్యి ఉన్నదిరా, గుండె లేదు."

వాడు బొల్లారం దాటేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. మర్నాటి నుంచి కోర్టుకు రాలేదు.

ఇది రెండువేల ఏడు. ఈ నెలాఖరుకి సార్ రిటైర్మెంట్. సోమవారం రింగులతో సహా కొత్త బోర్డులు బిగిస్తారట. కొలతలు రాసిపెడదామని ఆదివారం పొద్దున సార్ ఒక్కడే నిచ్చెన వేసుకున్నాడు. టేపు గచ్చుకు ఆనించి చూశాడు. తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు! మళ్లీ కొలిచాడు. అటువైపు రింగూ అంతే. గచ్చు మందం రింగుల ఎత్తులో నాలుగు అంగుళాలు మింగేసింది. పద్నాలుగేళ్లుగా పిల్లలు పొట్టి రింగుకే చెయ్యి అలవాటు చేసుకున్నారు. బయట సరైన రింగు ఎదురైతే బంతికి ఎత్తు చాలలేదు. ఇందులో గుండె సంగతెక్కడుంది?

సరిగ్గా అప్పుడే గేటు ముందు కంపెనీ సుమో ఆగింది. తుర్కపల్లి ల్యాబు వాళ్లను డ్యూటీకి దింపి వస్తూ, ఎనిమిదేళ్ల కూతురు అశ్రితను వెంటబెట్టుకుని డ్రైవర్ సీట్లోంచి బాలరాజు దిగాడు.

"నమస్తే సార్! మీరు రిటైరై పోయేలోపట మా పిల్లకు ఒక్క షాటన్న నేర్పుతరని తీస్కొచ్చిన."

"తిన్నవారా?" అన్నాడు సార్.

"మస్తు తిన్న సార్. గా టేపెందుకు?"

"ఊకెనే."

అశ్రిత రెండు చేతులతో బంతి ఎత్తి విసిరింది. మణికట్టు అచ్చం తండ్రిదే! బంతి రింగు దాకా పోకుండానే కిందపడింది. మళ్లీ వేసింది. మళ్లీ అంతే.

"నాయినా, నాకు భయమైతాంది," అని బంతి కింద పెట్టేసింది.

బాలరాజు నవ్వాడు. "అంతా నా లెక్కనే సార్. మీరు ఆ దినం బస్సుల అన్నది నిజమే. చెయ్యి ఉన్నది గని గుండె లేదు. అందుకే స్టీరింగు పట్టుకున్న. గదైతే గుండె అడుగదు గద!"

అందులో నిష్ఠూరం లేదు. పదకొండేళ్లుగా నమ్మిన మాటను మామూలుగా చెప్పాడంతే. సార్ టేపు చుట్టబోయి ఆగాడు. రేపు కొత్త బోర్డులు పదడుగులకు లేస్తాయి, ఇక ఈ తప్పు ఎవరికీ తెలియదు. కాలేజీ గోడమీద రాసిపెట్టిన గెలుపులన్నీ అలాగే ఉంటాయి. చెబితే? వాడి గుండె వాడికి తిరిగొస్తుంది. దాంతోపాటే, ఎవరి తప్పుకు ఆట వదిలేశాడో కూడా తెలిసిపోతుంది.

అశ్రిత సార్ చొక్కా కొస పట్టుకుని లాగింది.

"తాతా, మా నాయినకు నిజంగనే గుండె లేదా?"

బాలరాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మరి ఆ టేపు మీ చేతిలో ఉంటే, ఆ పిల్లకు మీరైతే ఏం చెప్తారు?